పన్ను మీద పన్ను

అక్టోబరు 2

కొత్త గది, కొత్త పుస్తకం. పాతది హాస్టల్లోనే ఉండిపోయింది. పక్క మంచం అమ్మాయి దాన్ని టీ కప్పు కింద పెట్టుకుంటోంది. మన అక్షరాలు చదవలేదు కదా, పోనీలే అని వదిలేశాను.

మన భాషలో మాట్లాడటానికి నాకు ఒక్క మనిషే ఉంది. అదీ ఫోనులో, అదీ మా అమ్మ. టైలరింగు షాపులో మిషను చప్పుడు మీద అరిచి అరిచి అలవాటైన గొంతు. ఆవిడ మొదలుపెడితే మనకి సందు దొరకదు. అందుకని నా వంతు మాటలు ఇక్కడ రాసుకుంటాను.

ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. పొడుగు మనిషి, నెరిసిన జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. మేడ మీద గది నాది. మంచం, బల్ల, కిటికీ, తాళం వేసిన బీరువా. "బీరువాలో సామాను ఉంది, దాని జోలికి వెళ్ళకండి" అంది. వాళ్ళ భాషలో మీరు, నువ్వు అనే తేడా లేదు. ఆ మర్యాదలు నేనే చేర్చి రాసుకోవాలి.

చిక్కు పిలుపు దగ్గర వచ్చింది. ఇక్కడ చిన్నా పెద్దా అందరూ ఒకరినొకరు పేరు పెట్టే పిలుచుకుంటారు. స్కూలు పిల్ల ఒకతి కర్ర పట్టుకుని నడిచే ముసలాయన్ని పేరు పెట్టి పిలవడం, ఆయన సంతోషంగా పలకడం కళ్ళారా చూశాను. ఈవిడా తన పేరు చెప్పి, అలాగే పిలవమంది. నాకు నోరు రాలేదు. పెద్దావిడని పేరు పెట్టి పిలిస్తే అక్కడ మా అమ్మకి పొలమారుతుంది. మొదట కాస్త దగ్గి చూశాను. వినపడలేదు. చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి మన భాషలోనే "అమ్మా" అన్నాను.

తిరిగి చూసింది. ఆ మాటకి అర్థం ఏమిటని అడిగింది. తల్లి అని చెప్పాను. మా వైపు పెద్దావిడలందరినీ అలాగే పిలుస్తాం, కూరగాయలమ్మే ఆవిడని, డాక్టరుగారిని, దారి చెప్పిన మనిషిని కూడా అని వివరంగా చెప్పాను. ఆ రెండో సగం విందో లేదో. తుడుస్తున్న గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇంకోసారి అనండి" అంది.

అన్నాను. నాదేం పోయింది?

అక్టోబరు 6

ఈ దేశం వచ్చినప్పటి నుంచీ నన్ను వేధిస్తున్న సంగతి ఒకటే. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. నేను పనిచేసేది పళ్ళ ల్యాబులో. డాక్టర్లు జనం నోళ్ళలోంచి తీసి పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, ఆరబెట్టి, మైనంతో లేని పన్ను చెక్కుతాం. ఊరి జనం నవ్వులన్నీ మా బల్లల మీద ఆరుతుంటాయి. నా పక్క బల్ల ఆమెకి ప్లాస్టర్ పొడి పడదు, రోజంతా తుమ్ముతుంది. మనసులో ఆమెకి తుమ్ములామె అని పేరు పెట్టుకున్నాను. భుజాలు రాసుకునేంత దగ్గరగా కూర్చుంటాం. నాకు పెళ్ళయిందో లేదో ఆమెకి తెలీదు. జ్వరంతో కళ్ళెర్రగా వెళ్ళినప్పుడు కూడా "బాగున్నారా" అంది, "బాగున్నాను" అన్నాను, అంతే. మనవైపు బస్సులో పక్క సీటావిడ దిగేలోపు జీతం, జాతకం, థైరాయిడు అన్నీ రాబట్టేది. అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు కనిపిస్తే కాళ్ళకి దండం పెడతాను.

ఆమె తుమ్మినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక మంచి మాట అంటారు. ఇక్కడ తుమ్మినవాళ్ళని దీవిస్తారు. సాయంత్రం ఇంటావిడతో ఈ మాటే చెప్పి నవ్వాను. మా వైపు ఎవరైనా బయలుదేరుతుంటే తుమ్మకూడదు, తుమ్మితే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళాలి అన్నాను.

"ఎన్ని తుమ్ములు?"

"ఒంటి తుమ్ము అయితేనే. రెండైతే ఫరవాలేదు."

"ఒకటే" అంది ఆవిడ, పాఠం అప్పజెప్పినట్టు.

అక్టోబరు 13

ఇవాళ పొద్దున్న ఇంటావిడ నన్ను అడిగింది!

చెప్పులు వేసుకుంటుంటే వెనకాల నిలబడి, "ఎక్కడికి? ఎప్పుడొస్తావు?" అంది. ఎక్కడికంటే ల్యాబుకే, రోజూ వెళ్ళేదే. అయినా నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం వచ్చేసరికి బల్ల మీద ప్లేటు మూతపెట్టి ఉంది. "తిన్నావా?" అని అడిగింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడ అడక్కుండానే పెడుతోంది.

అద్దె ఇంట్లో అన్నం పెట్టే మాట ముందు అనుకోలేదు కదా అని చెప్పబోయాను. వేడి అన్నం మీద ఆవిరి చూసి నోరు మూసుకున్నాను. ముద్దొచ్చినప్పుడే చంకెక్కాలి.

ఆవిడ మాటలు నాకు ఇవాళ్టి నుంచి 'నువ్వు' అన్నట్టే వినబడుతున్నాయి.

అక్టోబరు 21

చలి ముదిరింది. ఇంటావిడ బీరువా తాళం తీసి బూడిదరంగు కోటు ఇచ్చింది. కూతురిదట. బీరువా నిండా ఆ అమ్మాయి బట్టలే, ఇస్త్రీ చేసి వరసగా. కోటు చేతులు కాస్త పొడుగయ్యాయి, మిగతాదంతా సరిపోయింది.

"మీ అమ్మాయి ఎక్కడుందమ్మా?" అని అడిగాను.

"వెళ్ళింది" అంది. వెళ్ళింది అని తెగ్గొట్టి ఊరుకుంటారు ఇక్కడ. వెళ్ళొస్తానని మనలా అనరు. మనవాళ్ళు చచ్చినా 'వెళ్తాను' అనరు కదా.

కోటు వేసుకుని మా అమ్మకి వీడియోలో చూపించాను. కొలతల మనిషి, కళ్ళు చికిలించి చూసింది.

"చేతులు పొడుగున్నాయే పిడుగూ. ఎవరిదే అది?"

"ఇంటావిడ కూతురిది. తినడానికి కూడా పెడుతోంది తెలుసా."

"పెట్టనీ. నాకు ఖర్చు తగ్గింది." నవ్వింది. తర్వాత కాసేపటికి, "అది సరే గాని, ఆ కూతురు చలికి ఏం వేసుకుంటోంది మరి?" అంది.

మా అమ్మవన్నీ ఇలాంటి ప్రశ్నలే. తమ్ముడి పెళ్ళి జనవరి 25కి ఖాయమైంది. "ఆడపడుచువి, నువ్వు లేకపోతే పీటల మీద వాణ్ణి కూర్చోబెట్టను" అని బెదిరించింది. వస్తాను, ఒట్టు అన్నాను.

అక్టోబరు 30

నా గది తలుపు చెక్క మీద పెన్సిలు గీతలు ఉన్నాయి. కూతురు ఎదుగుతుంటే ఎత్తు కొలిచి గీసినవి. కింద మోకాలంత ఎత్తులో మొదలై పైకి వెళ్ళాయి. అన్నిటికన్నా పైన ఒక ముదురు గీత, నా తలకన్నా బాగా పైన. వాళ్ళమ్మలాగే పొడుగు పిల్లన్నమాట.

ఆ పై గీతకీ నా కంటికీ మధ్య ఇంకొన్ని గీతలు ఉన్నాయి. అవి కొత్తవి. పెన్సిలు ఇంకా మెరుస్తోంది. ఒక్కోటీ ఒక్కో ఎత్తు.

ఇవాళ ఆవిడ నన్నూ నిలబెట్టి, నెత్తిన పుస్తకం పెట్టి గీత గీసింది. గీసి పై గీత వంక చూసి, "పెరుగుతావులే" అంది. ముప్పై దాటిన దాన్ని పట్టుకుని! ఇద్దరం నవ్వుకున్నాం.

అక్టోబరు 31

పెరిగిన పిల్ల మళ్ళీ తగ్గుతుందా? వయసైతే మనుషులు కుంగుతారు. అదే అయ్యుంటుంది.

నవంబరు 12

ఇంటావిడ అనడం మానేస్తాను. అమ్మగారు అని రాస్తాను. అంత చేస్తున్న మనిషిని ఇంటావిడ అంటే బాగుండదు.

అమ్మగారు ఇవాళ గుడ్డలో చుట్టిన వస్తువు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. పళ్ళ అచ్చు! కూతురి పళ్ళకి తీగ కట్టించినప్పుడు తీసిందట. కింది పళ్ళది మాత్రమే ఉంది, పైది పగిలిపోయిందట. నా పని అదే కాబట్టి చూపించిందనుకున్నాను. తిప్పి చూశాను. చక్కటి వరస. ఇలాంటి అచ్చు నెలకి ఒకటి కూడా రాదు మా బల్ల మీదికి.

"మంచి పళ్ళమ్మా" అన్నాను.

నా నోటి వంక చూస్తూ ఉంది. నాకు పై వరసలో పన్ను మీద పన్ను ఉంది, ఎడమ కోర. నవ్వితే ముందు అదే బయటికొస్తుంది. అదృష్టమని మా అమ్మ చిన్నప్పుడు తీయనివ్వలేదు. "దీనివల్లే నువ్వు సంతలో తప్పిపోయినా దొరుకుతావే" అనేది.

నోరు మూసుకున్నాను.

నవంబరు 14

మధ్యాహ్నం అచ్చులు ఆరుతుండగా తుమ్ములామె నా కోటు వంక చూసింది. చూడటం ఇక్కడ పెద్ద సంగతి.

"ఆ కోటు..." అంది.

"మా ఇంటావిడ ఇచ్చారు. ఇల్లు అక్కడే, బస్సు మలుపు దగ్గర."

"తెలుసు. మీ బల్ల దగ్గర ముందు ఒకమ్మాయి ఉండేది. వేరే దేశం పిల్ల. అక్కడే ఉండేది. ఆమెకీ ఆ కోటే ఉండేది."

నా చేతిలో మైనం గట్టిపడిపోయింది. "ఇప్పుడెక్కడుంది ఆ అమ్మాయి?"

"మానేసింది."

"ఎందుకు?"

తుమ్ములామె నన్ను వింతగా చూసింది. "నేను అడగలేదు" అంది. "ఇక్కడ అలా అడగం కదా."

తర్వాత తుమ్మింది. నేను కూడా అందరితో పాటు ఆ మంచి మాట అన్నాను.

నవంబరు 15

ఇవాళ సాయంత్రం అమ్మగారిని సూటిగా అడిగేద్దామని వచ్చాను. ముందున్న అమ్మాయి ఎవరు, ఏమైంది అని. తలుపు తీస్తూనే "తడిసిపోయావే!" అని తువ్వాలు తెచ్చి తల తుడిచింది. నా తల ఎవరైనా తుడిచి ఎంత కాలమైందో.

అడగలేదు. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి పద్ధతి. నేను కూడా నేర్చుకున్నాను, మంచిదేగా.

నవంబరు 27

భోజనాల దగ్గర అమ్మగారు చెంచా కింద పెట్టి అంది, "ఆ పన్ను సరి చేయించుకో."

"చిన్నప్పటి నుంచీ ఉందమ్మా, అలవాటైపోయింది."

"లేదు" అంది చాలా మెల్లగా. "ముందు నీకు అలా లేదు."

కోపంగా అంటే తిరిగి ఏదో అనేదాన్ని. నాకు నోరు తక్కువేం కాదు. కానీ ఆవిడ అన్నది మరిచిపోయిన సంగతి పిల్లకి గుర్తుచేస్తున్నట్టు, జాలిగా. నాలుకతో తడుముకున్నాను. ఒక్క క్షణం అది నిజంగానే కొత్తగా తగిలింది.

నవంబరు 29

పీకించాను. నొప్పేం లేదు.

నవంబరు 30

నొప్పిగా ఉంది. కోరపన్ను ఊరికే పీకకూడదని మా ల్యాబులో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. డాక్టరు "ఎందుకు" అని అడిగితే ఆగేదాన్నేమో. ఆయన అడగలేదు. సంతకం చెయ్యమన్నాడు, చేశాను.

అమ్మగారు ఏదో గంజిలా పల్చగా కాచి తాగించింది. మంచం పక్కనే కూర్చుని ఒక పేరు పెట్టి పిలిచింది. నా పేరు కాదు. పలికాను. జ్వరంలో ఉన్నాను కదా. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే నాదైపోతుంది.

డిసెంబరు 8

మా అమ్మ దగ్గర్నుంచి పార్సిలు. పెళ్ళికి ఎర్ర చీర, తను కుట్టిన జాకెట్టు. మా అమ్మ నా కొలతలు రాసుకోదు, చేతికే తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్క కుట్టు విప్పే అవసరం రాలేదు.

పట్టలేదు. భుజాల దగ్గర బిగిసింది, చేతులు పైకి పోయాయి. చలికి గుడ్డ ముడుచుకుని ఉంటుంది. కోటు చేతులు మాత్రం ఇప్పుడు సరిగ్గా మణికట్టు దగ్గరకొస్తున్నాయి.

వీడియోలో మొదట జాకెట్టు సంగతి చెప్పాను. "నా చెయ్యి తప్పదే, నువ్వే ఏదో అయ్యావు" అని నవ్వుతూ మొదలుపెట్టి, ఉన్నట్టుండి మిషను ఆపేసింది.

"ఏదీ, నవ్వు."

"ఎందుకు?"

"నవ్వవే ఓసారి."

నవ్వాను.

"పన్నేదే?"

"తీయించేశాను. అడ్డంగా ఉందని."

"ఇన్నేళ్ళు లేని అడ్డం ఇప్పుడొచ్చిందా? ఎవరు చెప్తే పీకించావు?"

"అమ్మ చెప్పింది" అన్నాను.

మా అమ్మ మాట్లాడలేదు. నాకు తెలిసి మాట్లాడకుండా ఉండటం అదే మొదలు. తర్వాత చాలా నెమ్మదిగా, "నేనెప్పుడు చెప్పానే?" అంది.

అబ్బే, ఇక్కడావిడ, ఇంటావిడ, పెద్దావిడ కదా అని అమ్మా అంటాను, నువ్వు కూరలావిడని అనవా, అలాగే అని గబగబా చెప్పాను. ఎంత చెప్పినా మా అమ్మ మొహం తేటపడలేదు.

"పిడుగూ, నువ్వు వచ్చెయ్. పెళ్ళి దాకా వద్దు. ముందే వచ్చెయ్. నా కళ్ళతో చూస్తే గాని నాకు అన్నం దిగదు."

"సెలవు దొరకాలి కదమ్మా."

"నాకు భయంగా ఉందే."

మా అమ్మ, రౌడీల పంచెలకి అంచులు కుట్టి రెట్టింపు వసూలు చేసే మనిషి, భయం అంది.

డిసెంబరు 9

భయపెట్టేసింది నన్ను కూడా. ఇవాళ ఒక పని చేశాను. ల్యాబులో నా పై పళ్ళ అచ్చు నేనే తీసుకున్నాను. అమ్మగారు వంటింట్లో ఉండగా ఆ గుడ్డలోంచి కూతురి కింది పళ్ళ అచ్చు తీసి, దాని మీద నాది పెట్టి చూశాను. ఇద్దరు మనుషుల పళ్ళు ఒకదానితో ఒకటి కలవవు. ఎక్కడో ఒకచోట ఊగుతాయి. రోజూ చూసే సంగతే.

చటుక్కున కూర్చుంది. ఊగలేదు. అది ఒకే నోరు.

మళ్ళీ తీసి పెట్టాను. మళ్ళీ కూర్చుంది.

వెళ్ళిపోవాలి ఇక్కడ్నించి.

డిసెంబరు 20

సెలవు ఇచ్చారు. ఎందుకని అడగలేదు, ఈ అలవాటు ఒక్కోసారి మంచిదే. టికెట్టు జనవరి 11న. మా అమ్మకి చెబితే ఫోనులోనే ఈల వేసింది. షాపులో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా "నా పిడుగు వస్తోంది!" అని అరిచింది.

అమ్మగారికి చెప్పాను, తమ్ముడి పెళ్ళి అని.

"నీకు తమ్ముడు లేడు కదా" అంది.

"ఉన్నాడండీ. ఒక్కడే తమ్ముడు."

"సరే" అంది అమ్మగారు. "వెళ్ళు." అంతే. గొడవ చేస్తుందనుకున్నాను. పాపం అనిపించింది కూడా. ఒంటరి మనిషిని ఏవేవో అనుకున్నాను, పళ్ళు కుదరడం అంటే ఒక్కోసారి కుదురుతాయి.

జనవరి 10

పెట్టె సర్దేశాను. కోటు బీరువాలో పెట్టేశాను. తమ్ముడు ఫోను చేసి, "అక్కా, అమ్మ వారం నుంచి నీ మంచం దుప్పటి రోజూ మారుస్తోంది, మాకందరికీ పిచ్చెక్కుతోంది, త్వరగా రా" అన్నాడు. ఎంత ఆనందంగా ఉందో. రేపటికి అమ్మ దగ్గర ఉంటాను. మా అమ్మ దగ్గర.

జనవరి 11

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే టాక్సీ వచ్చి గేటు ముందు ఆగింది. అమ్మగారు తలుపు దాకా వచ్చింది. పెట్టె ఒక చేత్తో, సంచి ఒక చేత్తో పట్టుకుని "వెళ్ళొస్తానమ్మా" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది, కానీ వెళ్తాను అని నోటంట ఎలా వస్తుంది? గడప దాటి ఒక కాలు బయట పెట్టాను.

అమ్మగారు తుమ్మింది. ఒకటే.

ఆగిపోయాను. రెండో తుమ్ము వస్తుందేమో అని నిలబడ్డాను. రాలేదు. ఆవిడ ముక్కు కూడా తుడుచుకోలేదు. నా వంక చూస్తూ తలుపు పట్టుకుని నిలబడింది.

చదువుకున్నదాన్ని. తుమ్ముకీ విమానానికీ సంబంధం లేదని తెలుసు. తెలిసీ, రెండో కాలు కదల్లేదు. దూరప్రయాణం, పైగా శుభకార్యానికి. ఒక్క నిమిషమే కదా, మా అమ్మే అయినా కూర్చుని వెళ్ళమనేది. లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. అమ్మగారు మంచినీళ్ళ గ్లాసుతో అప్పటికే సిద్ధంగా ఉంది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. నా చెప్పులు తను వంగి విప్పింది.

"కాసేపు" అంది.

మనవైపు అయితే టాక్సీవాడు ఈపాటికి హారను మోగించి వీధంతా లేపేవాడు. "ఏమ్మా వస్తారా రారా?" అని గుమ్మంలోకి వచ్చి అరిచేవాడు. ఆ అరుపు కోసమే కూర్చున్నాను. వాడు అరిస్తే లేద్దామని. ఇక్కడి డ్రైవర్లు హారను కొట్టరు. పిలవరు. ఎదురుచూడాల్సినంత సేపు మర్యాదగా ఎదురుచూసి, మెల్లగా వెళ్ళిపోతారు.

కిటికీలోంచి చూశాను, గేటు ముందు ఎవరూ లేరు.

"రేపు వెళ్దువుగాని" అంది అమ్మగారు, తల నిమురుతూ.

అవును, రేపు వెళ్ళొచ్చు. పెళ్ళికి ఇంకా రోజులున్నాయి.

జనవరి 13

రేపు వెళ్ళొచ్చు.

జనవరి 16

కోటు బీరువాలోంచి తీసి మళ్ళీ కొక్కేనికి తగిలించింది అమ్మ. ఫోను చాలాసార్లు మోగింది. టికెట్టు సంగతి ఏం చెప్పాలో తెలియక ఎత్తలేదు. మంచి రోజు చూసుకుని చెప్తాను. రేపు చూద్దాం.

జనవరి 25

ఇవాళ ఏదో ఉండాలి. పొద్దున్నుంచీ ఎవరో ఎక్కడో నా కోసం చూస్తున్నట్టు ఉంది. అమ్మని అడిగితే, "ఏమీ లేదు, ఆదివారం" అంది.

ఆ ఎర్ర చీర ఎవరిదో తెలీదు. బీరువాలో అడుగున పెట్టాను.

ఫిబ్రవరి 9

అమ్మ గీత గీసింది. సరిగ్గా పై గీత మీదే పడింది. అమ్మ ఏడ్చింది, సంతోషంతో. నా రెండు చెంపలూ పట్టుకుని నవ్వమంది. నవ్వాను. "వచ్చేశావు" అంది.

ల్యాబుకి వెళ్ళడం మానేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

మార్చి 3

మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని రాసుకుంటుంటే అమ్మ వచ్చి భుజం మీంచి చూసింది.

"ఏం గీస్తున్నావు? అన్నీ గుండ్రంగా ఉన్నాయి."

నాకూ తెలీదు. చెయ్యి అలా వెళ్తుంది. ఎప్పుడు నేర్చుకున్నానో.

అప్పుడే కోటు జేబులో ఫోను మోగింది. ఫోను ఉందన్న సంగతే మరిచిపోయాను. ఎత్తితే ఎవరో పెద్దావిడ. వెనకాల మిషను చప్పుడు లాంటిది ఏదీ లేదు, ఉండాలని ఎందుకనిపించిందో. "పిడుగూ" అంది. "పిడుగూ, నేనే. మాట్లాడవే. తమ్ముడు బయలుదేరాడే, నిన్ను తీసుకురావడానికి. ఒక్క మాట మాట్లాడు."

ఎవరి కోసమో చేసి ఉంటుంది. పాపం, గుక్కపట్టి ఏడుస్తోంది. ఊరుకోలేకపోయాను.

"ఏడవకండమ్మా" అన్నాను. "మీ అమ్మాయి తప్పకుండా వస్తుంది."

అటువైపు ఏడుపు ఆగిపోయింది. పెట్టేశాను.

"ఎవరు?" అంది అమ్మ.

"ఎవరో తెలీదు. ఎవరో పరాయి ఆవిడ."

"మరి అమ్మా అన్నావు?"

నిజమే, అన్నాను. ఎందుకన్నానా అని ఆలోచిస్తే ఎక్కడో విన్న సంగతి గుర్తొచ్చింది.

"మర్యాదకి" అన్నాను. "వాళ్ళ వైపు పెద్దావిడలందరినీ అలాగే పిలుస్తారట."